బండెక్కనన్న బంగారి

అంగలకుదురు దాటి తెనాలిలోకి వస్తుంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దాని నిండా షామియానాలు, కుర్చీలు, పెళ్ళి మండపాల సామాను. షెడ్డు సాంబశివరావుది. షెడ్డు వెనక ఇల్లు, ఇంటి వెనక గేదెల పాక, పాక పక్కన గుర్రాన్ని కట్టేసే చోటు. వీటన్నిటి మధ్య పొద్దున లేచింది మొదలు తిరుగుతూ ఉండే మనిషి ఆయన భార్య భువనేశ్వరి. యాభై దాటాయి. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "ఉన్నాను" అనేది. అంతకంటే పొడుగు జవాబు చెప్పే ఓపిక ఆ ఏడాది ఆమెకు లేదు.

గేదెలు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. గుర్రం మాత్రం సాంబశివరావు సరదా. పెళ్ళికొడుకులు గుర్రమెక్కి ఊరేగడం ఈ మధ్య ఇటువైపు కూడా మొదలైంది. ముహూర్తం వచ్చినప్పుడల్లా గుంటూరు నుంచి అద్దెకు తెప్పించే బదులు సొంతంగా ఒకటి ఉంటే మేలనుకున్నాడు ఆయన. హైదరాబాదులో తెలిసినవాళ్ళను పట్టుకుని, పందేల్లో పరుగెత్తి కాలు దెబ్బతిని పక్కన పెట్టిన ఆడగుర్రాన్ని తెచ్చాడు. పందేల్లో దాని పేరు రాయల్ మెలోడీ. ఎండలో మెరిసే దాని ఎర్రటి ఒళ్ళు చూసి భువనేశ్వరి "బంగారీ" అని పిలిచింది. ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

నేల మీద ఉన్నంతసేపూ బంగారి సాధువు. చెయ్యి చాపితే మూతి ఆనించేది. వీధిలో పిల్లలొచ్చి తోక ముట్టుకున్నా ఊరుకునేది. తంటా అంతా దాన్ని బండెక్కించడంలోనే. సాంబశివరావు ఒక పాత మినీ లారీ కొని, వెనక ఇనపరేకులతో గది కట్టించాడు. వెనక తలుపు కిందికి వాలితే అదే ఎక్కే బల్ల అవుతుంది. లోపల గుర్రం అటూ ఇటూ కదలకుండా రెండు పక్కలా చెక్క అడ్డాలు పెట్టించాడు. కొలతలు తీసుకుని, దగ్గర నిలబడి చేయించాడు. తీరా ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి బంగారి అడుగు కదిలేది కాదు. కళ్ళు తెల్లబడేవి, ఒళ్ళంతా వణికేది. ఇద్దరు ముందు నుంచి తాడు లాగి, ఇంకొకడు వెనక నుంచి కర్ర చూపించి, ఒక్కోసారి కళ్ళకు తువ్వాలు కట్టి ఎలాగో లోపలికి నెట్టేవాళ్ళు. దిగేటప్పటికి చెమటతో స్నానం చేసినట్టుండేది. అలవాటు పడుతుందిలే అనేవాడు సాంబశివరావు. ఎన్ని పెళ్ళిళ్ళు తిరిగినా అలవాటు పడలేదు.

పోయిన మాఘమాసంలో బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళి మధ్యాహ్నం తిరిగి వస్తున్నారు. పొన్నూరు దగ్గర ముందు పోతున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. వెనక గదిలో బంగారి మోకాళ్ళ మీద పడింది. ఆ చప్పుడుకు సాంబశివరావు కంగారుగా బండి ఆపించి, తలుపు తీసి లోపలికి దూరాడు. లేపుదామని మెడతాడు పట్టుకున్నాడు. అది ఒక్క ఊపున లేచి వెనక్కి తోసింది. గుర్రానికీ చెక్క అడ్డానికీ మధ్య నలిగిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. నెలలు గడిచాక మనిషి లేచాడు కానీ, మంచం నుంచి వరండాకు, వరండా నుంచి బాత్రూముకు, అదీ వాకరు పట్టుకునే. ఆయన స్నానం, ఆయన మందులు, గేదెల పాలు, షామియానాల కోసం వచ్చేపోయే ఫోన్లు, అన్నీ భువనేశ్వరి మీద పడ్డాయి. వాటికి తోడు గుర్రం మేత, గుర్రం లద్దె. బంగారి పేరెత్తితే సాంబశివరావు మొహం తిప్పుకునేవాడు. గుంటూరు నుంచి కూతురు శరణ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"దాన్ని ఎవరికైనా ఇచ్చేయమ్మా. నువ్వు ఎన్నని చేస్తావు?"

"ఇవ్వాలంటే అది ఇక్కణ్ణుంచి కదలాలి కదే," అనేది భువనేశ్వరి.

అదే చిక్కు. అడిగినవాళ్ళు లేకపోలేదు. ఇద్దరొచ్చి చూసి, ముచ్చటపడి, బండెక్కించబోయి, దాని వణుకూ తన్నులూ చూసి దండం పెట్టి వెళ్ళిపోయారు.

వానలు మొదలయ్యాక డాక్టర్ మాధురి వచ్చింది. రేపల్లె పక్క పల్లెలో పశువుల డాక్టరు. నలభై ఏళ్ళ లోపు మనిషి. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో గుర్రపు స్వారీ నేర్చుకుందట. నాన్నగారి పొలం గట్టున ఒక గుర్రాన్ని పెంచుకోవాలని అప్పటినుంచీ కోరిక. బంగారి కాళ్ళు నిమిరి చూసింది, పళ్ళు చూసింది, చెవి వెనక గోకింది. తర్వాత బండి వైపు నడిపించబోయింది. బల్ల ఇంకా పది గజాల దూరం ఉండగానే బంగారి ఆగిపోయింది. మాధురి లాగలేదు. తాడు వదులుగా పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి తీసుకొచ్చి కట్టేసింది.

"దీన్ని నేను తీసుకుంటానండి పిన్నిగారూ. కాకపోతే కొట్టీ, కళ్ళు కట్టీ తేవద్దు. దానంతట అది ఎక్కిన రోజే పంపించండి."

"దానంతట అది ఎక్కడమేంటమ్మా! ముగ్గురు మగాళ్ళు లాగితేనే ఎక్కట్లేదు."

"లాగడం వల్లేనేమోనండి. బండి తలుపు తీసి అలా వదిలేయండి. మేత ఆ బల్ల దగ్గరే పెట్టండి, రోజూ కాస్త లోపలికి జరపండి. ఎక్కమని మాత్రం మీరు అడగొద్దు. ఆ పక్క అడ్డాలు కూడా తీయించేయండి. బండి కదిలేటప్పుడు అది కాళ్ళు ఎడంగా పెట్టుకోవాలి. ఇరుకులో పెట్టుకోలేక పడిపోతానని భయం దానికి."

ఇదంతా వరండాలో కుర్చీలో కూర్చుని సాంబశివరావు వింటూనే ఉన్నాడు. మాధురి వెళ్ళాక భువనేశ్వరి ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"అడ్డాలు తీయించనాండీ?"

"కొలతలు తీసి చేయించాను అవి. టేకు చెక్క."

"ఆ టేకు చెక్కేనండీ మీ తుంటి విరగ్గొట్టింది."

ఆయన రోడ్డు వైపు మొహం తిప్పాడు. "నీ ఇష్టం," అన్నాడు.

అడ్డాలు విప్పింది ఫ్రాన్సిస్. పక్క వీధిలో ఉంటాడు, డ్రైవరు. పాత డ్రైవరు మానేశాక అవసరమైనప్పుడల్లా ఈ బండి అతనే తీస్తున్నాడు. చెక్కలు విప్పేసరికి లోపల గది రెట్టింపయినట్టు కనిపించింది. బల్ల మీద అడుగేస్తే డబడబమని మోగుతోందని భువనేశ్వరి గేదెల పాకలోని రబ్బరు పట్టా ఒకటి తెచ్చి పరిచింది. దాని మీద వరిగడ్డి చల్లింది. గుర్రం మేసే తొట్టి తెచ్చి బల్లకు ఇవతల పెట్టింది. బండిని వేపచెట్టు నీడలోకి జరిపించి, తలుపు తెరిచి వదిలేసింది.

మొదటి రోజు బంగారి మేత ముట్టలేదు. మర్నాడు ఆకలికి మెడ సాచి, కాళ్ళు వెనకే ఉంచి, గబగబా కాస్త తిని వెనక్కి పరుగెత్తింది. నానబెట్టిన ఉలవలు చూస్తే దానికి ప్రాణం. భువనేశ్వరి తొట్టిని రోజూ జానెడు లోపలికి జరిపేది. ఒకరోజు ముందుకు వస్తే రెండు రోజులు వెనక్కి పోయేది. గాలికి తలుపు గొలుసు రేకుకు తగిలి ఖణేల్మంటే అంతే సంగతులు, మళ్ళీ మొదటికే. ఆమెకు విసుగొచ్చేది. పాలు పిండి, ఆయనకు టిఫిన్ పెట్టి, బట్టలు ఉతికి, ఇక్కడికొచ్చి గుర్రం ఎప్పుడు అడుగేస్తుందా అని చూస్తూ నిలబడటమేంటని తనను తానే తిట్టుకునేది. కాళ్ళు లాగేవి. అయినా తొట్టి జరపడం మాత్రం మానలేదు. మానితే ఇంకెవరు చేస్తారు?

ఒక మధ్యాహ్నం నిలబడలేక ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బండి లోపల వేసుకుంది. మేత తొట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుని, రేకుకు తల ఆనించింది. రాత్రంతా ఆయనకు నొప్పి, ఈమెకు నిద్ర లేదు. అలాగే కునుకు పట్టేసింది. ఎంతసేపటికో మోకాలి మీద వెచ్చటి గాలి తగిలి కళ్ళు తెరిచింది. బంగారి తల తొట్టిలో ఉంది. ముందు కాళ్ళు రెండూ బండిలో, వెనక కాళ్ళు బల్ల మీద. ఉలవలు నములుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

భువనేశ్వరి కదల్లేదు. తెలివితో కాదు, లేచే శక్తి లేక. తాడు పట్టుకోవాలని కూడా అనిపించలేదు. అది తిన్నంత తిని, ఒక్కసారి బుస్సుమని ముక్కు చీది, మెల్లగా వెనక్కి నడిచి దిగిపోయింది. ఎప్పుడంటే అప్పుడు దిగిపోవచ్చని దానికి అర్థమైనట్టుంది. మర్నాడు వెనక కాళ్ళు కూడా లోపలికి వచ్చాయి.

తర్వాత పని నిదానంగా ముందుకు నడిచింది. అది తింటుండగా తలుపు సగం ఎత్తి దించడం, పూర్తిగా మూసి వెంటనే తీయడం. ఫ్రాన్సిస్ వచ్చి ఇంజను స్టార్ట్ చేసి ఆపేయడం. ఇంజను మోగగానే మొదట తొట్టి తన్నేసి దిగి పారిపోయింది. తర్వాత్తర్వాత చెవులు మాత్రం వెనక్కి తిప్పి తినసాగింది. ఇదంతా సాంబశివరావు వరండాలోంచి చూసేవాడు. ఒక సాయంత్రం ఆమె గుర్రం మెడ రుద్దుతూ "ఏం లేదమ్మా, ఏం లేదు, తిను," అంటుంటే ఆయనకు ఉన్నట్టుండి కోపం వచ్చింది.

"కాఫీ అడిగి గంటయింది. ఆ గుర్రం మీద ఉన్న ఓపికలో సగం నా మీద చూపించావా ఎప్పుడన్నా?"

ఇంకో రోజయితే ఆమె ఊరుకునేదే. ఆ రోజు ఊరుకోలేదు.

"అది అరవదండీ. భయమేస్తే వణుకుతుంది, లేకపోతే తింటుంది. మీకు భయమేసినా అరుపే, నొప్పేసినా అరుపే, ఆకలేసినా అరుపే. దేనికి అరుస్తున్నారో కనుక్కోవడానికే నా ఓపిక అయిపోతోంది."

అనేసి లోపలికి వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని తాగాడు. ఆ రాత్రి మాత్రం మందు వేసేటప్పుడు, "ఇవాళ ఎడమ వైపు లాగుతోంది," అని మామూలు గొంతుతో చెప్పాడు.

మొదటి ప్రయాణం నందివెలుగు దాకా అనుకున్నారు. పొద్దున్నే ఎండ రాకముందు బయల్దేరారు. ఫ్రాన్సిస్ ఒకప్పుడు కోడిగుడ్ల వ్యాను నడిపినవాడు.

"గుడ్లు వేసుకెళ్ళినట్టే తీసుకెళ్తానక్కా. మీరు భయపడొద్దు," అన్నాడు.

అతను నడిపింది అలాగే. అయినా వంతెన ఎక్కి దిగేసరికి వెనకనుంచి దడదడ తన్నుల చప్పుడు మొదలైంది. భువనేశ్వరి కేబిన్ వెనక చిన్న కిటికీ తీసి చూసింది. బంగారి నురగలు కక్కుతోంది. ముందున్న రేకుకు తల కొట్టుకుంటోంది. ఇంతకాలం చేసిందంతా గాలికి పోయిందనుకుంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆపు ఫ్రాన్సిస్. ఇక నా వల్ల కాదు."

రోడ్డు పక్కన ఆపారు. లోపలికి వెళ్ళే పని మాత్రం చేయలేదు. ఆ పాఠం ఆ ఇంటికి బాగా తెలుసు. తల కొట్టుకుంటోంది కదా, కట్టిన తాడన్నా వదులు చేద్దామని ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి ముడి లాగేసింది. తల విడిపోగానే బంగారి ఆ గదిలో గుండ్రంగా తిరిగింది. అడ్డాలు లేవు కాబట్టి తిరగడానికి చోటుంది. వెనక తలుపు వైపు మొహం పెట్టి, పిరుదులు కేబిన్ వైపు ఉంచి, కాళ్ళు ఎడంగా చాపి నిలబడింది. తన్నులు ఆగిపోయాయి.

"ఇప్పుడేం చేద్దామక్కా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"అలాగే పోనియ్యి. ఎలా నిలబడితే అలా."

తిరుగు ప్రయాణమంతా అది వెనక్కి తిరిగే వచ్చింది. వంతెన మీద ఒకసారి కాళ్ళు సర్దుకుంది, అంతే. ఇంటికొచ్చి తలుపు దించగానే ఎదురుగా వెలుతురు చూసి తిన్నగా నడుచుకుంటూ దిగింది. భువనేశ్వరి మాధురికి ఫోన్ చేసి చెప్పింది.

"కొన్ని గుర్రాలకు అలాగే హాయిగా ఉంటుంది పిన్నిగారూ," అంది మాధురి. "బ్రేకు పడితే ఆ ఊపు వెనక భాగం కాసుకుంటుంది. తలకూ మెడకూ దెబ్బ ఉండదు. నాకు ముందే తట్టాల్సింది. తాడు పొడుగ్గా వదిలి అలాగే తీసుకురండి."

ఆ తర్వాత కూడా నాలుగైదుసార్లు అలా తిప్పి తెచ్చారు. ఒకరోజు చెమట పట్టేది, ఒకరోజు పట్టేది కాదు. పూర్తిగా భయం పోయిందని ఎవరూ చెప్పలేరు. భయపడినా నిలబడగలుగుతోంది, అంతవరకూ వచ్చింది.

రేపల్లె వెళ్ళే రోజున సాంబశివరావు వాకరు మీద మెల్లగా వేపచెట్టు దాకా వచ్చాడు. దెబ్బ తగిలాక ఆయన దాని దగ్గరికి రావడం అదే మొదలు. భువనేశ్వరి తాడు భుజాన వేసుకుని బండిలోకి నడిచింది. వెనకే బంగారి బల్ల ఎక్కి, లోపలికి వెళ్ళి, తానే తిరిగి నిలబడింది. దాని గడ్డం ఆయన తల కంటే ఎత్తులో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆయన చెయ్యి ఎత్తాడు, తటపటాయించాడు, ముక్కు మీద రెండు వేళ్ళు ఆనించి తీసేశాడు.

"జాగ్రత్త ఫ్రాన్సిస్," అన్నాడు. "వేమూరు గేటు పడుతుంది. తొందరపడకు."

గేటు పడనే పడింది. బండ్లన్నీ బారులు తీరాయి. రైలు వస్తుంటే భువనేశ్వరి వెనక్కి తిరిగింది. కిటికీలోంచి చూస్తే బంగారి చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి, ఒళ్ళు బిగుసుకుంది. "ఏం లేదమ్మా, రైలు," అంది ఆమె. రైలు వెళ్ళిపోయింది. బంగారి ఎండుగడ్డి నోటినిండా లాక్కుని నమలడం మొదలుపెట్టింది. భట్టిప్రోలు దాటాక రోడ్డు బాగుంది. భువనేశ్వరికి కునుకుతో తల బరువెక్కింది. గుర్రానికి ఇక తన అవసరం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

పొలం దగ్గర మాధురి గేటు తీసి నిలబడి ఉంది. తలుపు దించారు. బంగారి కాసేపు పచ్చటి గట్టు వంక చూసి, నింపాదిగా దిగి, తల వంచి గడ్డి మేయసాగింది. మాధురి ఆనందం పట్టలేక భువనేశ్వరి చేతులు పట్టుకుంది.

"ఎలా చేశారండీ పిన్నిగారూ!"

"ఏం చేశానమ్మా. ఓపిక లేక కూర్చున్నాను. అదే వచ్చింది."

భోజనానికి ఉండమంటే ఉండలేదు. ఇంటి దగ్గర గేదెలు పాలకు అరుస్తుంటాయంది. నిజానికి ఆమెకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. మేస్తున్న గుర్రం వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, వచ్చి బండెక్కింది. వెనక ఖాళీ గది దారి పొడుగునా డబడబలాడుతూనే ఉంది.

పని తగ్గితే తేలిక పడతాననుకుంది కానీ, చాలా రోజులు అలసట అలాగే ఉంది. పొద్దున్నే అలవాటుగా ఉలవలు నానబెట్టబోయి ఆగిపోయేది. సాంబశివరావు మెల్లగా షెడ్డు దాకా నడవసాగాడు. షామియానాల ఫోన్లు ఆయనే ఎత్తడం మొదలుపెట్టాడు. మాధురి అప్పుడప్పుడు ఫోన్ చేసేది. బంగారి వర్షం వస్తే ఇంకా బెదురుతోందట, కానీ మనుషులను నమ్ముతోందట.

దసరా వెళ్ళాక బాపట్ల నుంచి పాండురంగారావు అనే ఆయన ఫోన్ చేశాడు. ఆయనకూ పెళ్ళిళ్ళకు తిప్పే గుర్రం ఉంది. అదీ బండెక్కదు. మాధురి ఈ నంబరు ఇచ్చిందట.

"నాకేం తెలుసండీ, నేను గేదెల మనిషిని. పైగా ఓపిక కూడా లేదు," అంది భువనేశ్వరి.

"ఒక్కసారి వచ్చి చూడండమ్మా. మావాళ్ళు దాన్ని రోజూ కొడుతున్నారు. చూడలేకపోతున్నాను."

కొడుతున్నారన్న మాట విన్నాక ఆమెకు అన్నం సహించలేదు. రెండో రోజు పొద్దున పాలు పిండేసి, ఆయనకు వంట చేసి పెట్టి, బస్సెక్కి బాపట్ల వెళ్ళింది. గుర్రం తెల్లది, మొగది, బంగారి కంటే ఎత్తు. కర్రలు అవతల పారేయించింది. బండి తలుపు తీయించింది. సాయంత్రం దాకా అది బల్ల వైపు కూడా చూడలేదు. పాండురంగారావు మొహం చిన్నబోయింది. "ఇంకా చాలా రోజులు పడుతుందండి," అని చెప్పి బస్టాండుకు నడిచింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంటుంటే సాంబశివరావు ఫోన్.

"ఎక్కిందా?"

"లేదండి. తల కూడా తిప్పలేదు."

"మళ్ళీ వెళ్తావా?"

"వెళ్ళాలి. ఎల్లుండి."

"నేనూ వస్తాను," అన్నాడు ఆయన. "ఇంట్లో కూర్చుంటే పొద్దుపోవట్లేదు. దూరంగా కుర్చీ వేసుకుని చూస్తాను. ఏమీ మాట్లాడనులే."

వాకరు ఎత్తి బస్సులో పెట్టాలి. ముందు సీటు ఖాళీ ఉండాలి. మందుల డబ్బా, నీళ్ళ సీసా, నడుము కింద దిండు, అన్నీ మోసుకెళ్ళాలి. తలుచుకుంటుంటేనే ఆమెకు నీరసం ముంచుకొచ్చింది.

"సరేనండి," అంది. "పొద్దున్నే లేవాలి మరి."